మట్టి పని

బాపట్లలో ఒక కళాశాలలో 11 సంవత్సరాలు జంతుశాస్త్రం బోధించాను. 2012లో ఆ ఉద్యోగం వదలి తెనాలిలో విగ్రహాలు చేసే పనిలో చేరాను. "ఎందుకు వదిలావు?" అని నేటికీ అడిగేవారున్నారు. పాఠం చెప్పడమంటే విసుగు పుట్టి కాదు. బోర్డు మీద ఎముకలు, కండరాలు గీస్తుంటే, గంట కొట్టినా చేయి ఆగేది కాదు.

తెనాలి శిల్పులకు పేరున్న ఊరు. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావుగారు, వారి కుమారుడు రవిచంద్రగారు పాత ఇనుప సామానుతో పెద్ద పెద్ద విగ్రహాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. నేను వేరొకచోట మట్టితో పని నేర్చుకున్నాను.

మాది రేపల్లె ప్రాంతం. నాన్న కూలి పని చేసి నన్ను ఎమ్మెస్సీ చదివించారు. సంగతి విని ఆయన కోప్పడలేదు. "నీకు మట్టి పని తప్పాలనే గదరా, నేనంత మట్టి మోసింది" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నా భార్య మాత్రం లెక్క చెప్పింది. "మీ చెల్లెలి పెండ్లి అప్పు తీరాలి. ఏడాదికి సరిపడా బియ్యం, పిల్లల ఫీజులు చేతిలో ఉండాలి. అప్పుడు వెళ్ళండి" అంది. రెండేళ్ళు ఆగాను. ఆ రెండేళ్ళూ శనివారం సాయంత్రం రైలెక్కి తెనాలి వెళ్ళి, ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేవాణ్ణి.

ఇనుప చువ్వలతో గూడు కట్టి, మట్టి పెట్టి రూపం తీరుస్తాం. ఆరితే బీటలు వేస్తుంది గనుక రాత్రి తడిగుడ్డ కప్పుతాం. తరువాత ప్లాస్టర్‌తో అచ్చు తీసి, దానిలో ఫైబర్ బొమ్మ చేస్తాం.

విగ్రహాలు చేయడమేమిటని సంఘంలో కొందరు అడిగారు. నా దగ్గరకు వచ్చేది ఎక్కువగా చనిపోయిన తల్లిదండ్రుల బొమ్మల పని. మ్రొక్కడానికి కాదు, జ్ఞాపకానికి. పిల్లలు ఒక్క ఫోటో తెస్తారు. అందులో ముఖమే ఉంటుంది. మెడ వెనుక భాగం, వీపు ఉండవు. అవి ఇంట్లోవారిని అడిగి తెలుసుకోవాలి. కళాశాలలో నేను చెబితే వారు వ్రాసుకొనేవారు. ఇక్కడ వారు చెబితే నేను వింటాను. ఒక ముసలమ్మ కళ్ళు మూసుకొని తన భర్త మట్టి భుజం తడిమి, "ఎడమది ఇంకా కిందికి బాబూ, కావడి మోసిన భుజం" అంది. ఫోటోలో అది లేదు.

2014లో నాన్న తెనాలి వచ్చారు. మట్టిముద్ద తీసుకొని వేళ్ళతో నలిపి, "ఇంకా నలగాలి" అన్నారు. పంచె ఎగగట్టి సాయంత్రం దాకా తొక్కారు. ఆ రోజు నా పనిని మెచ్చుకున్నారో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాత జీతంలో సగం కూడా రాని నెలలున్నాయి. ఇష్టమైన పని కొరకు ఉద్యోగం వదలాలనుకునే యువతీ యువకులారా, ముందు ఇంటి అప్పు తీర్చండి. చేయి కుదురుతుందో లేదో కొంతకాలం పరీక్షించుకోండి. మీ చదువు కొరకు కష్టపడినవారికి ఆ సంగతి మీ నోటితోనే చెప్పండి. వారు ఒప్పుకోకపోవచ్చు. అయినా వారి మాట పూర్తిగా విన్న తరువాతనే గడప దాటండి.