ముట్టుకోమని పిలిచే మ్యూజియం: శాన్ ఫ్రాన్సిస్కో ఎక్స్‌ప్లొరేటోరియం

(ఎంబార్కడేరో రోడ్డు. పాతకాలపు ట్రామ్ బండి గంట కొట్టుకుంటూ వెళ్తోంది.)

మనం ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో, ఎంబార్కడేరో రోడ్డు మీద నడుస్తున్నాం. ఎడమ వైపు ఊరు, కుడి వైపు సముద్రం నీళ్లు. వెనక్కి తిరిగితే ఫెర్రీ బిల్డింగ్ గడియారం గోపురం కనిపిస్తుంది. ఈ ఊరు చూడ్డానికి వచ్చే మనవాళ్లు చాలామంది ఇదే రోడ్డు వెంబడి పియర్ 39కి వెళ్తారు. అక్కడ సీ లయన్లు గుంపులుగా పడుకుని ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. ఆ దారిలోనే 15వ నంబరు పియర్ మీద ఒక పొడవాటి కట్టడం తగులుతుంది. ఒకప్పుడు ఓడల సరుకు దించిన రేవు షెడ్డు అది. ఇవాళ్టి వీడియో అంతా అక్కడే. దాని పేరు ఎక్స్‌ప్లొరేటోరియం.

1969లో మొదలైన సైన్స్ మ్యూజియం ఇది. మొదట ఊరికి ఇంకో పక్కన, ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అనే పాత భవనంలో ఉండేది. 2013 ఏప్రిల్‌లో ఈ రేవుకి మారింది. పైకప్పు మీద దాదాపు 6 వేల సోలార్ పలకలు ఉన్నాయి. లోపలి వేడికీ చల్లదనానికీ పియర్ కింద ఉన్న సముద్రపు నీళ్లనే వాడుకుంటారు.

టికెట్టు కొనకముందే ఒక మాట. బయట, నీళ్ల పక్కన, కొన్ని ప్రదర్శనలు అందరికీ ఉచితంగా పెట్టారు. రోడ్డున పోయేవాళ్లు ఎవరైనా వచ్చి తిప్పి చూడొచ్చు, విని చూడొచ్చు. ఊళ్లోని మెయిన్ లైబ్రరీ బయట కూడా వీళ్లు ఇలాంటివి పెట్టారు. మనుషులు కొత్తవాళ్లని చూసి ఏం అనుకుంటారు, ఎవరిని నమ్ముతారు, ఎవరిని దూరం పెడతారు అన్నవి అక్కడి ప్రయోగాలు. సైన్స్ మ్యూజియం తన గోడలు దాటి వచ్చి, లైబ్రరీ మెట్ల దగ్గర కూర్చునే మనిషిని కూడా పలకరించింది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

(లోపలికి. పెద్ద హాలు. పిల్లల కేకలు, ఎక్కడో సుత్తి చప్పుడు.)

ఆ సుత్తి చప్పుడు ఏ రిపేరుదో అనుకోకండి. ఇక్కడి వర్క్‌షాపు హాల్లోనే ఉంది. లేత్ మిషన్లు, వెల్డింగు, రంపాలు, స్క్రూల డబ్బాలు, సగం తయారైన కొయ్య చట్రాలు అన్నీ జనానికి కనిపిస్తూనే ఉంటాయి. మ్యూజియంలో ఉన్న వస్తువుల్లో చాలావరకు ఇక్కడే తయారవుతాయి. పిల్లలు వాడి వాడి విరగ్గొడితే మళ్లీ ఇక్కడికే వస్తాయి. విరిగిందంటే బాగా వాడుతున్నారని లెక్క. ఒక వస్తువు ఎలా పుడుతుందో దాచకుండా చూపించడం ఈ ఇంటి మొదటి లక్షణం. ఇక్కడ నేను చూసిన మంచి పనులన్నిటికీ మూలం అదే.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఒక మనిషి కథ చెప్పాలి. 'ఓపెన్‌హైమర్' సినిమా మనలో చాలామంది చూశారు. అణుబాంబు తయారు చేయించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కి ఒక తమ్ముడు ఉండేవాడు, పేరు ఫ్రాంక్. ఆయనా భౌతిక శాస్త్రవేత్తే, ఆ బాంబు ప్రాజెక్టులో పనిచేశాడు. 1949లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఆయన్ని పిలిచి నిలదీసింది. ఒకప్పుడు తనూ భార్య జాకీ కమ్యూనిస్టు పార్టీలో ఉన్నామని ఒప్పుకున్నాడు, తోటివాళ్ల పేర్లు మాత్రం చెప్పనన్నాడు. మిన్నెసోటా యూనివర్సిటీలో ఉద్యోగం పోయింది. ఇంకే యూనివర్సిటీ తలుపూ తెరుచుకోలేదు. కొలరాడో కొండల్లో పాగోసా స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి దగ్గర పశువులు పెంచుకుంటూ దాదాపు పదేళ్లు బతికాడు.

1957లో ఆ ఊరి హైస్కూల్లో సైన్స్ చెప్పడానికి ఆయనకి అవకాశం దొరికింది. ల్యాబులో సామాను అంతంత మాత్రం. పిల్లల్ని వెంటబెట్టుకుని పాత సామాన్లు పారేసే దిబ్బ దగ్గరికి వెళ్లేవాడు. అక్కడ దొరికిన యంత్రాల ముక్కలతోనే వాళ్లకి ఉష్ణం, విద్యుత్తు, యంత్రశాస్త్రం చెప్పాడు. తర్వాత కొలరాడో యూనివర్సిటీలో చేరి, విద్యార్థులు తమంతట తాము వచ్చి చేసుకునే ప్రయోగాల గది ఒకటి తయారుచేశాడు. 1965లో యూరప్ వెళ్లి అక్కడి సైన్స్ మ్యూజియంలు తిరిగాడు. ప్యారిస్‌లోని పలే ద లా దెకూవెర్త్‌లో విద్యార్థులే సందర్శకులకి ప్రయోగాలు చేసి చూపించడం ఆయన మనసులో పడింది. ఈ అనుభవాలన్నీ కలిస్తే వచ్చిందే ఎక్స్‌ప్లొరేటోరియం. 1985లో చనిపోయేదాకా దీన్ని ఆయనే నడిపించాడు.

(ఆరెంజ్ రంగు జాకెట్ వేసుకున్న ఒక అమ్మాయి చుట్టూ జనం గుమికూడుతున్నారు.)

ఆ ఆరెంజ్ జాకెట్ వాళ్లని ఎక్స్‌ప్లెయినర్లు అంటారు. వాళ్లలో చాలామంది హైస్కూలు పిల్లలు. చుట్టుపక్కల ఊళ్ల స్కూళ్ల నుంచి తీసుకుంటారు, శిక్షణ ఇస్తారు, జీతం ఇస్తారు. చాలామందికి ఇదే మొదటి ఉద్యోగం. ఇక్కడ చేరడానికి సైన్స్‌లో ఫస్టు రావక్కర్లేదు. తెలుసుకోవాలనే ఆసక్తి, మనుషులతో మాట్లాడాలనే ఇష్టం ఉంటే చాలు.

ఇప్పుడు ఈ అమ్మాయి చేసేది ఇక్కడ ఏళ్ల తరబడి చేస్తున్న ప్రయోగం, ఆవు కన్ను కోసి చూపించడం. కబేళా నుంచి తెచ్చిన కన్ను అది. చూడలేనివాళ్లు, చూడకూడదనుకునేవాళ్లు ఒక్క నిమిషం కళ్లు తిప్పుకోండి, ఇబ్బంది ఏం లేదు. చూడగలిగినవాళ్లు మాత్రం దగ్గరికి రండి.

ముందు కన్ను చుట్టూ ఉన్న కొవ్వు, కండరాలు కత్తిరించి తీసేసింది. ముందు వైపు పారదర్శకమైన పొర మీద బ్లేడుతో గాటు పెట్టగానే నీళ్లు కారాయి. తర్వాత నల్లటి ఐరిస్. దాని వెనక నుంచి చిన్న గోళీ అంత కటకం తీసి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. ఇది ఏం చేస్తుందని అడిగింది, ఎవరూ చెప్పలేదు. తనూ చెప్పలేదు. పక్కనున్న న్యూస్ పేపర్ ముక్క మీద ఆ కటకాన్ని పెట్టి, ఒక ఏడెనిమిదేళ్ల పిల్లాడిని వంగి చూడమంది. కింద అక్షరాలు పెద్దవిగా కనిపించాయి. వాడు గట్టిగా అరిచాడు. అప్పుడు జనం అంతా వంగారు.

ఇంకా లోపల, కన్ను వెనక గోడకి, నెమలి ఈకలో ఉండే నీలం ఆకుపచ్చ మెరుపుతో ఒక పొర ఉంది. రాత్రిపూట హెడ్‌లైట్ పడగానే రోడ్డు పక్క ఆవు కళ్లు మెరిసేది దాని వల్లే. చీకట్లో వెలుతురుని వెనక్కి కొట్టి ఇంకోసారి వాడుకోవడానికి ఆ పొర పనికొస్తుంది. మనుషుల కంట్లో అది ఉండదు. దాని ముందు రెటీనా, పలచటి తడి పొర. వేలితో మెల్లగా తోస్తే పక్కకి జరిగిపోతోంది, ఒక్క చోట మాత్రం ఊడి రావడం లేదు. మెదడుకి వెళ్లే నరం బయల్దేరేది అక్కడే. వెలుతురుని పట్టుకునే కణాలు ఆ చోట ఉండవు. అంటే ప్రతి కంట్లోనూ ఏమీ కనబడని చోటు ఒకటి ఉందన్నమాట.

వీడియో ఆపి ఒక పని చేయండి. తెల్ల కాగితం మీద కుడి వైపు ఒక నల్ల చుక్క, దానికి ఎడమ వైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక కూడిక గుర్తు పెట్టండి. కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో చుక్కనే చూస్తూ కాగితాన్ని మెల్లగా మొహం దగ్గరికి తీసుకురండి. దాదాపు అడుగు దూరంలో కూడిక గుర్తు మాయమైపోతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్లీ కనిపిస్తుంది. ఆవు కంట్లో ఇందాక చూసిన ఆ చోటు మీ కంట్లో ఉన్నది అక్కడే.

ఈ ఎక్స్‌ప్లెయినర్ల పద్ధతిలో నాకు బాగా గొప్పగా అనిపించింది ఒకటుంది. వాళ్లు జవాబు ముందు చెప్పరు. నువ్వేం చూశావు అని అడుగుతారు, ఇలా తిప్పితే ఏమవుతుందో చూడు అంటారు. పదిహేను పదహారేళ్ల పిల్లలకి ఇంత ఓపిక నేర్పడం మామూలు విషయం కాదు. ఈ ఊరికి మ్యూజియం చేసే సేవల్లో నా దృష్టిలో పెద్దది ఇదే. సైన్స్ చూడ్డానికి వచ్చేవాళ్లకి ఎంత మేలో, చూపించే ఆ పిల్లలకీ అంతే మేలు.

(చీకటి గది. తెల్ల గోడ మీద రంగురంగుల నీడలు.)

ఇది రంగు నీడల గది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు కలిసి గోడ మీద పడితే గోడ తెల్లగా ఉంటుంది. మధ్యలో మనిషి నిలబడితే ఒకే మనిషికి చాలా నీడలు, ఒక్కోటి ఒక్కో రంగు. ఇందాక ఒక తెలుగు కుటుంబం ఇక్కడే ఉంది. మనవడు, "అమ్మమ్మా, చెయ్యెత్తు! ఇంకా పైకి!" అంటున్నాడు. ఆవిడ చీర కొంగు సర్దుకుని చెయ్యెత్తింది. గోడ మీద పసుపు చెయ్యి, గులాబీ చెయ్యి, నీలి ఆకుపచ్చ చెయ్యి లేచాయి. "ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపెట్లా వచ్చిందిరా?" అని ఆవిడే అడిగింది. నీలం వెలుగుకి చెయ్యి అడ్డం వచ్చిన చోట మిగతా రెండు వెలుగులు కలుస్తున్నాయి, అందుకని. వెలుగుల కలయిక వేరు, పెయింటు కలపడం వేరు. మనవడికి అది తెలియదు. ఇద్దరూ కలిసి ఒక్కో దీపానికి అడ్డం నిలబడి చాలాసేపు తేల్చుకున్నారు. ఇంగ్లీషు బోర్డు చదవాల్సిన అవసరం ఆవిడకి రాలేదు.

పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వచ్చి, ఈ చుట్టుపక్కల ఊళ్లలో, ఫ్రీమాంట్‌లోనో శాన్ రమోన్‌లోనో ఇంట్లో కూర్చుండిపోయే అమ్మానాన్నలు మనవాళ్లలో ఎంతమందో. వాళ్లని గుడికీ షాపింగుకీ తీసుకెళ్తాం. ఇక్కడికి కూడా తీసుకురండి.

టికెట్టు సంగతి దాచను. పెద్దవాళ్లకి దాదాపు 40 డాలర్లు, నలుగురున్న ఇంటికి బరువే. ఊరి కోసం పనిచేసే సంస్థకి ఇది చిన్న సమస్య కాదు. ప్రభుత్వ ఆహార సాయం అందుకునే కుటుంబాలకి బాగా తగ్గించి ఇస్తారు, తక్కువ ధరకి రానిచ్చే రోజులు కొన్ని ప్రత్యేకంగా ప్రకటిస్తారు. వచ్చేముందు వాళ్ల సైటు చూసుకోండి. గురువారం సాయంత్రాలు మాత్రం 18 ఏళ్లు దాటినవాళ్లకే, పిల్లల్ని ఆ పూట తేకండి.

మార్చి 14న ప్రపంచమంతా 'పై డే' జరుపుకుంటుంది కదా, అది పుట్టింది ఈ మ్యూజియంలోనే. 1988లో ల్యారీ షా అనే భౌతిక శాస్త్రవేత్త ఇక్కడి సిబ్బందితో కలిసి మొదలుపెట్టాడు. పై విలువ 3.14 కాబట్టి మూడో నెల, 14వ తారీకు. మధ్యాహ్నం 1 గంట 59 నిమిషాలకి పై విలువలోని అంకెలు పట్టుకుని పిల్లలూ పెద్దలూ ఊరేగింపు చేస్తారు. 2009లో అమెరికా ప్రతినిధుల సభ కూడా ఆ రోజుని గుర్తించింది.

(వర్క్‌షాపు పక్కన టేబుల్. మనిషి చేతిలో సగం తయారైన చెక్క పెట్టె.)

అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాలి. ఇక్కడ తయారైన ప్రయోగాలని వీళ్లు తమ సొత్తని దాచుకోలేదు. 1975 నుంచి 'కుక్‌బుక్' పేరుతో పుస్తకాలు వేశారు. ఏ ప్రదర్శనకి ఏ సామాను కావాలి, ఎంత కొలత, ఎలా బిగించాలి అన్నీ అందులో రాసిపెట్టి, ఎవరైనా చేసుకోండి అన్నారు. ప్రపంచంలో ఎన్నో సైన్స్ సెంటర్లు వాటిని చూసి తయారుచేసుకున్నాయి. మన దేశంలో ఉన్న టిబెటన్ బౌద్ధ సన్యాసులకి ప్రయోగాల ద్వారా సైన్స్ నేర్పే పనిలో కూడా వీళ్ల మనుషులు పాలుపంచుకున్నారు.

1984 నుంచి టీచర్ల కోసం ఒక సంస్థనే నడుపుతున్నారు. మిడిల్ స్కూలు, హైస్కూలు సైన్స్ టీచర్లు వచ్చి తమ చేతులతో ప్రయోగాలు చేసి, వాటిని తమ క్లాసుకి సరిపడేలా చిన్నవిగా మార్చుకుంటారు. అలా టీచర్లు తయారుచేసినవే 'సైన్స్ స్నాక్స్'. స్ట్రాలు, అద్దం ముక్కలు, సీడీలు, బెలూన్లు, కాగితం కప్పులు ఉంటే చాలు, హాల్లో ఉన్న పెద్ద ప్రయోగం క్లాసులో బల్ల మీదకి వస్తుంది. ఇందాక మీరు కాగితం మీద చేసింది కూడా వాటిలో ఒకటే. వాళ్ల సైట్లో ఉచితంగా ఉన్నాయి.

అందుకే ఈ వీడియో చూస్తున్న మన ఊళ్ల సైన్స్ మాస్టార్లకీ టీచరమ్మలకీ ఒక విన్నపం. ఆ సైట్లో మీ పాఠానికి సరిపోయేది ఒకటి వెతికి, ఈ వారమే పిల్లల చేత చేయించండి. జవాబు మాత్రం ముందే చెప్పేయకండి. స్కూలు ట్రిప్పులు వేసే హెడ్మాస్టర్లకి ఇంకో మాట. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కో, తిరుపతి అలిపిరి దగ్గర ఉన్న రీజనల్ సైన్స్ సెంటర్‌కో పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు వరసలో నడిపించి గంటలో బస్సెక్కించకండి. ఎక్కడ ఆగితే అక్కడ ఆగనివ్వండి. ముట్టుకోడానికి పెట్టినవాటిని ముట్టుకోనివ్వండి. బస్సుకి ఇంకో గంట వెయిటింగ్ చార్జీ కట్టినా పర్లేదు.