తెల్ల సొరచేప: విన్నదీ, ఉన్నదీ

దక్షిణాఫ్రికా తీర జలాలలో సంచరించే గ్రేట్ వైట్ షార్క్, అనగా తెల్ల సొరచేప, మనుషులను వేటాడి తినే రాక్షసి అని మా విద్యార్థుల దృఢ విశ్వాసం. 1975లో వచ్చిన ‘జాస్’ చిత్రం నాటిన భయం నేడు ఫోన్లలోని వీడియోల ద్వారా వీరి వరకూ వచ్చింది. ఉల్లేఖకుడెవరో విచారించనిదే వార్తను స్వీకరించరాదని హదీసు పాఠంలో ఏళ్ల తరబడి బోధిస్తున్న మాకు, చేప విషయమైనంత మాత్రాన ఆ నియమాన్ని సడలించడం న్యాయమనిపించలేదు.

ప్రపంచమంతటా సొరచేపల వల్ల మరణించేవారు ఏటా సగటున పది మందికి మించరు. తెల్ల సొర కోరేది కొవ్వు పట్టిన సీల్ జంతువులను. మనిషిని అది తరచుగా ఒక్కసారి కరిచి వదిలివేస్తుంది. (కరవబడినవానికి ఇది ఊరట కాదన్నది వేరే సంగతి.)

దాని దేహ నిర్మాణం విస్మయం గొలుపుతుంది. ముట్టెపై ఉన్న సూక్ష్మ రంధ్రాలతో ఇతర జీవుల శరీరాల నుండి వెలువడే అతి స్వల్ప విద్యుత్తును పసిగడుతుంది. అధిక శాతం చేపలకు భిన్నంగా తన కండరాలను చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంచుకోగలదు. 2003లో దక్షిణాఫ్రికా నుండి బయలుదేరిన ఒక ఆడ సొర ఆస్ట్రేలియా వరకు ఈది, తొమ్మిది నెలలలోపే తిరిగి వచ్చింది. రానూపోనూ సుమారు 20,000 కిలోమీటర్లు!

అయితే ఇంతటి బలశాలి వంశవృద్ధిలో మాత్రం మిక్కిలి నిదానం. పిల్లలు తల్లి గర్భంలోనే, ఫలదీకరణం చెందని గుడ్లను తింటూ పెరుగుతాయి. ఒక అంచనా ప్రకారం ఆడ సొర ఈనడానికి యోగ్యమయ్యేసరికి దాదాపు 33 ఏళ్లు నిండుతాయి. మన ఇళ్లలో ఆ వయసు తల్లుల బిడ్డలు బడికి వెళుతుంటారు. కనుక చంపబడిన ఒక్క సొర స్థానం భర్తీ కావడానికి ఒక తరం పడుతుంది. దక్షిణాఫ్రికా 1991లోనే దీనికి చట్టరక్షణ కల్పించినా, స్నానతీరాల వద్ద కట్టిన వలలలో ఇవి చిక్కి చస్తూనే ఉన్నాయి.

2017లో అక్కడి గాన్స్‌బాయ్ తీరానికి కాలేయం లేని తెల్ల సొరల కళేబరాలు కొట్టుకువచ్చాయి. అది ఓర్కా తిమింగలాల పని. ఈ సంగతి చెప్పగానే తరగతి నిశ్శబ్దమైంది. “హజ్రత్, అయితే అది కూడా భయపడుతుందా?” అని ఒక పిల్లవాడు అడిగాడు. భయపడుతుంది. ఓర్కాలు వచ్చిన చోటిని విడిచి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి తిరిగి రాదు. కేప్‌టౌన్ చెంత ఫాల్స్ బేలో ఒకనాడు విరివిగా కనిపించిన ఈ చేపలు కొన్నేళ్లుగా కానరావడమే అరుదైంది. ఓర్కాలే కారణమా, మనుషుల వలలూ గాలాలూ కారణమా అన్న వివాదం శాస్త్రవేత్తల నడుమ ఇంకా తెగలేదు.