సార్, ఒక్క నిమిషం

మడికొండలో శివరాత్రి దగ్గర పడిందంటే మా క్లినిక్‌కు జనం రెండు రోజుల ముందే పెరుగుతారు. మెట్టుగుట్ట ఎక్కాలి, రామలింగేశ్వరుణ్ని చూడాలి, రాత్రంతా జాగారం చేయాలి. అందుకని మోకాళ్ల నొప్పులవాళ్లు, బీపీ గోలీలు అయిపోయినవాళ్లు ముందే వచ్చి చూపించుకుని పోతారు. ఆరేళ్ల కిందట, పండుగకు ముందురోజు సాయంత్రం ఒక అవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చాలా ఏళ్ల నుంచి షుగర్. తిన్న తర్వాత తీసిన రీడింగు 290. పొద్దున ఒక్కటే వేసుకునే గ్లిమిపిరైడ్‌ను రాత్రి కూడా వేసుకోమని రాసి, చీటీ చేతిలో పెట్టి, తర్వాతి టోకెన్‌ను పిలిచాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

మర్నాడు అవ్వ స్నానం చేసి గోలీ వేసుకుంది. ఏమీ తినలేదు. రాత్రి కూడా డాక్టరు చెప్పాడు కదా అని ఇంకో గోలీ వేసుకుంది. గుట్ట మీద భజన జరుగుతుంటే స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నిద్ర పట్టిందేమో అనుకుని కొడుకు లేపలేదు. నడిరాత్రి దాటాక చూస్తే ఒళ్లంతా చల్లని చెమట, మాట ముద్దగా వస్తోంది. 108లో తీసుకెళ్లేసరికి షుగర్ 38.

గ్లిమిపిరైడ్ ఎలా పనిచేస్తుందో నాకు తెలియనిది కాదు. మనిషి తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. వయసు మీద పడి మూత్రపిండాలు మందగించినవాళ్లలో ఆ ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్న మనిషికి గంటల తర్వాత షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అవ్వకు అలాగే అయింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి చూడాల్సి వచ్చింది. ఆమె బతికింది. ఆ మాట రాయగలుగుతున్నందుకు ఇప్పటికీ నా గుండె తేలికవుతుంది.

మొదట నాకొచ్చిన ఆలోచన మాత్రం మంచిది కాదు. ఒక్కపొద్దు ఉంటున్నట్టు ఆమె చెప్పొద్దా, అనుకున్నాను. మూడో రోజు మా వాళ్లను కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, ఆమె చెప్పింది. టోకెన్ రాసే అమ్మాయితో "రేపు ఒక్కపొద్దు బిడ్డా, జల్ది పంపు" అంది. మందుల కౌంటర్ దగ్గర పిల్లవాడు "తిన్నంకనే వేస్కోవాలె అవ్వా" అంటే "రేపు తినేదే లేదు" అంది. డాక్టరుకు తెలిసే ఉంటుందిలే అని అతను ఊరుకున్నాడు. బీపీ చూసిన నర్సింగ్ విద్యార్థినికీ జాగారం సంగతి చెప్పింది. ముగ్గురికి తెలుసు. మందు రాసినవాడికే తెలియదు.

ఆ విద్యార్థిని నాకు చెప్పబోయింది కూడా. "సార్, అవ్వ రేపు..." అంటుండగా నేను తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాను. మళ్లీ ఎందుకు చెప్పలేదని అడిగితే నేల చూస్తూ నిలబడింది. జవాబు నాకు తెలుసు. అంతకు పది రోజుల ముందు, ఓపీ నిండా జనం ఉండగా, "అడిగినప్పుడు చెప్పు చాలు" అని ఆమె మీద కసురుకున్నాను. ఆ పిల్ల నోరు ఆరోజే మూతపడింది.

కింది మనిషి మాట వినని జబ్బు విమానాల్లోనూ ఉండేది. 1977లో టెనెరీఫ్ విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో, ఎదుటి విమానం రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీర్ అనుమానపడి అడిగాడు. అనుభవజ్ఞుడైన కెప్టెన్ ఆ అనుమానాన్ని కొట్టిపారేసి ముందుకు సాగాడు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే విమాన సిబ్బందికి కలిసి పనిచేయడాన్ని ఒక విద్యగా నేర్పడం మొదలైంది. వైద్యంలోకి అది ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో టీమ్‌స్టెప్స్ అనే శిక్షణ 2006లో బయటికొచ్చింది. వేరువేరు వృత్తుల విద్యార్థులు ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. మన దగ్గర 2019 నుంచి ఎంబీబీఎస్‌లో సంభాషణ, నైతికత పాఠాలయ్యాయి. మంచిదే. కానీ డాక్టరు కాబోయేవాళ్లు ఒక చోట, నర్సులు ఇంకో చోట, ఫార్మసీ పిల్లలు మరో చోట విడివిడిగా చదువుతుంటే అవ్వ చెప్పిన మాట ఒక గది నుంచి ఇంకో గదికి ఎలా చేరుతుంది?

ఆ శిక్షణ పద్ధతులు తెచ్చి మా వాళ్లకు నేర్పాలని కూర్చున్నాను. మొదటి రోజే చతికిలబడ్డాను. ఆ ఇంగ్లిష్ వాక్యాలు మా పిల్లల నోట పలకలేదు. కవి కాళోజీ పెరిగిన ఊరు ఇది. జనం మాట్లాడే భాషే భాష అని జీవితమంతా వాదించిన మనిషి ఆయన. వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. అలాంటి ఊళ్లో కూర్చుని అరువు వాక్యాలు బట్టీ పట్టించబోయాను. చివరికి మాటను టోకెన్ రాసే అమ్మాయే తేల్చింది: "సార్, ఒక్క నిమిషం." ఎవరి నోట ఆ మాట వచ్చినా నేను పెన్ను కింద పెట్టి ముఖం చూడాలి. వినకపోతే ఇంకోసారి అనాలి. నోటితో చెప్పిన మోతాదును విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. పొద్దున ఓపీ తెరవకముందు పది నిమిషాలు అందరం నిలబడి మాట్లాడుకోవాలి. ఇంతే మా శిక్షణ.

ఒకరోజు వేషాలు మార్చుకుని సాధన చేశాం. మందుల కౌంటర్ పిల్లవాడు డాక్టరు, నేను నర్సును. నేను నోరు తెరవగానే అతను తలెత్తకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. అతను నన్ను నొప్పించాలని చేయలేదు. డాక్టరు అంటే అలాగే ఉంటాడని రోజూ చూస్తున్నాడు కనుక చేశాడు. ఆ చెయ్యి చూశాక నాకు మాట రాలేదు.

అవ్వ ఇంటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. "నీకేం ఎరుక బిడ్డా, నేనే నీకు చెప్పకపోతి" అంది. నేను అడగలేదు కదా అవ్వా, అన్నాను.

నర్సింగ్ విద్యార్థినికి అందరి ముందే క్షమాపణ చెప్పాను. తల ఊపింది. తర్వాత వచ్చిన పిల్లలు "సార్, ఒక్క నిమిషం" అని నన్ను ఎన్నోసార్లు ఆపారు, ఇప్పటికీ ఆపుతున్నారు. ఆమె మాత్రం శిక్షణ ముగిసి వెళ్లేదాకా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఇప్పుడు ఏదో వార్డులో పనిచేస్తూ ఉంటుంది.