తప్పుకీ ఓ అమ్మభాష

గౌలిగూడలో ఇంగ్లీషు ట్యూషన్ చెప్పుకునేవాడికి తప్పులే బతుకుతెరువు. పిల్లలు తప్పులు మానేసిన రోజు నా మేడమీద గదికి తాళం పడుతుంది. పిల్లలంటే చిన్నవాళ్ళు కారు, గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్ళు. పగలంతా అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరికితే కుర్చీలో, లేకపోతే చెట్టునీడన కూర్చుని చదువుతారు. పొద్దుగూకాక మా గల్లీకి నడిచొస్తారు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు మార్కులు ర్యాంకులో కలవవు. కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా దండగే. తెలుగు మీడియం వాళ్ళకి ఆ ఒక్క పేపరు తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడుతుంది.

మా పేటలో భాషలకి కరువు లేదు. గురుద్వారా దగ్గర పంజాబీ, కొట్లలో మార్వాడీ, గుజరాతీ, పాత ఇళ్ళలో మరాఠీ. ఎవరు ఎవరితో బేరమాడినా ఆ బేరం చివరికి దక్కనీ ఉర్దూలోనే తెగుతుంది. నిజాం కాలపు ఇనప హ్యాంగర్‌లో నడిచిన పాత బస్టాండు 2018 జూలైలో కూలిపోయింది గానీ, అది ఉన్నన్నాళ్ళూ దాని నీడన ఏ జిల్లా యాసైనా వినిపించేది. ఇన్ని భాషల మధ్య మసలేవాడికి ఇంకొకటి బరువు కాకూడదు. మరి ఇంగ్లీషు దగ్గరే నోరెందుకు పెగలదు? "బేసిక్స్ లేవండీ" అనడం ట్యూషన్ మాస్టార్లందరికీ అలవాటు. మా మేనకోడలు స్పానిష్ నేర్చుకునే దాకా నా నోటా అదే మాట.

స్పానిష్ ఎందుకంటారా? ఊళ్ళో పెద్ద కంపెనీలు కొన్ని మెక్సికో, స్పెయిన్ పనులు ఇక్కణ్ణించే చేస్తాయి. ఆ భాష వచ్చినవాళ్ళకి నాలుగు రాళ్ళు ఎక్కువిస్తారు. తార్నాకలో ఇఫ్లూ ఉండనే ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పుట్టి, సీఫెల్‌గా పేరు తెచ్చుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన చోటు అది. ఇంగ్లీషు టీచర్లకి తర్ఫీదివ్వడానికి పెట్టిన ఆ సంస్థలో ఇప్పుడు స్పానిష్ కూడా చెబుతారు. మా పిల్ల అక్కడే చేరింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే గోడకి చేరబడే మనిషి, స్పానిష్ వాక్యాలు మాత్రం గబగబా అప్పజెప్పేది. ఓ సాయంత్రం నోట్‌బుక్ ముందేసుకుని తనలో తనే నవ్వుకుంటోంది.

"మామా, వీళ్ళు కాఫీ ఇష్టమని ఎట్లంటరో తెలుసా? 'మె గుస్తా ఎల్ కఫే' అంట. నేను ఇష్టపడుతా అని కాదు, నాకు నచ్చుతది కాఫీ అని. మన తెలుగు లెక్కనే ఉంది!"

నోట్‌బుక్ తీసుకుని చూశాను. నిజమే. ఇంగ్లీషువాడి వాక్యంలో ఇష్టపడే మనిషి కర్త. తెలుగులోనూ స్పానిష్‌లోనూ కాఫీయే కర్త, మనిషి 'నాకు' అంటూ చతుర్థీ విభక్తిలో ఓ పక్కన నిలబడతాడు. మనం 'వచ్చాను' అంటే ఎవరొచ్చారో క్రియే చెప్పేస్తుంది, 'నేను' అక్కర్లేదు. స్పానిష్ క్రియా అంతే, 'నేను' లేకుండానే నడుస్తుంది. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకి 'తూ', 'ఉస్తెద్' ఉన్నాయి. అంగ్రేజీవాడు అందరినీ ఒకే 'యూ'తో సరిపెట్టుకుంటాడు. అచ్చులన్నీ రాసినట్టే పలుకుతారు కాబట్టి స్పెల్లింగు తంటా కూడా తక్కువ. ఇన్ని చుట్టరికాలున్న భాష మా పిల్లకి అంత త్వరగా నోరెక్కడంలో వింతేముంది!

ఆ నోట్‌బుక్ చివర్లో ఇంకో పేజీ ఉంది. స్పానిష్ వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు దొర్లే తప్పులని క్లాసులో చెప్పినవి రాసుకొచ్చింది. ఆ పేజీని నా విద్యార్థుల కాగితాల పక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. వాళ్ళు స్కూల్‌ని 'ఎస్కూల్' అంటారు, స్పెయిన్‌ని 'ఎస్పెయిన్' అంటారు. వాళ్ళ భాషలో ఏ మాటా సకారం, దాని వెంటే ఇంకో హల్లుతో మొదలవదు, ముందు ఓ అచ్చు ఉండాల్సిందే. బడిని 'ఎస్క్వేలా' అనే నాలుకది. మా గల్లీలో 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అనే ఉర్దూ నాలుకా, పల్లెలో 'ఇస్కూలు' అనే తెలుగు నాలుకా చేసే పని సరిగ్గా అదే. ఇక్కడ 'ఇ', అక్కడ 'ఎ'. ఇన్నాళ్ళూ దాన్ని నేను మోటు ఉచ్చారణ అనేవాణ్ణి. మహారచయిత సెర్వాంటెస్ భాష వాళ్ళదీ ఇదే మోటు!

వాళ్ళు 'ఐ యామ్ టీచర్' అని రాస్తారు, మావాళ్ళూ అలాగే రాస్తారు. వచ్చిన దారులు మాత్రం వేరు. తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు, కాబట్టి మన పిల్లాడికి 'ఎ' పెట్టాలని తోచదు. స్పానిష్‌లో ఆర్టికల్స్ ఉన్నాయి, కానీ వృత్తి చెప్పేటప్పుడు వాడరు. అదే మనిషి జీవితం కష్టం అని చెప్పాల్సొస్తే 'ద లైఫ్ ఈజ్ హార్డ్' అంటాడు, అక్కడ వాళ్ళ భాషలో ఆర్టికల్ పెట్టి తీరాలి. ఒకడికి లేక తప్పు, ఒకడికి ఎక్కువై తప్పు. వయసు చెప్పాలంటే 'ఐ హ్యావ్ ట్వెంటీ ఇయర్స్' అంటారు, వాళ్ళ భాషలో ఏళ్ళు మనిషి దగ్గర ఉంటాయి మరి. 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద బస్' అని వాళ్ళూ అంటారు, ఇమ్లీబన్ బస్టాండులో మనమూ అంటాం.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది 'డౌట్'. మన క్లాసురూముల్లో ప్రశ్న అడగాలంటే "సార్, డౌట్" అని చెయ్యెత్తుతారు. ఇంగ్లండు మాస్టారికి అది అనుమానంలా వినిపిస్తుంది, నా మాటే నమ్మవా అన్నట్టు. స్పానిష్ విద్యార్థీ 'తెంగో ఊనా దూదా' అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టి 'ఐ హ్యావ్ ఎ డౌట్' అనే అంటాడట. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడని ఇద్దరు పిల్లలు ఒకే వాక్యంతో చెయ్యెత్తుతున్నారు.

ఆ పేజీలో ఉన్నవి తెలివితక్కువ తప్పులు కావు. ఒక్కో దాని వెనక పద్ధతి ప్రకారం నడిచే ఓ వ్యాకరణం ఉంది. అది ఇంగ్లీషు వ్యాకరణం కాదు, అంతే. నా పిల్లల కాగితాల్లో నేను సున్నా చుట్టినవన్నీ కూడా అంతేనని స్పెయిన్ వాళ్ళ తప్పులు చూశాక గానీ నాకు తట్టలేదు. సొంత ఇంటి వాసన మనకి తెలియదు కదా.

అబిడ్స్‌లో ఆదివారం మూసిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లో అట్టలూడిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ ఎప్పుడూ దొరుకుతుంది. నా అదృష్టం కొద్దీ అక్కడే రాబర్ట్ లాడో రాసిన 'లింగ్విస్టిక్స్ అక్రాస్ కల్చర్స్' దొరికింది, 1957 నాటి పుస్తకం. ఈ లాడో కథ వినాలి. స్పెయిన్ నుంచి వలసొచ్చిన దంపతులకి 1915లో అమెరికాలోని టాంపాలో పుట్టాడు. ఇంగ్లీషు నోటికి రాకముందే స్పెయిన్ తీసుకెళ్ళిపోయారు. అక్కడే పెరిగి, 21 ఏళ్ళ వయసులో తిరిగొచ్చి అప్పుడు ఇంగ్లీషు పట్టాడు. తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు నేర్పే సంస్థలో చేరాడు. చార్లెస్ ఫ్రీస్ 1941లో పెట్టిన ఆ సంస్థకి మొదట్లో వచ్చినవాళ్ళు ఎక్కువగా లాటిన్ అమెరికా స్పానిష్ వాళ్ళే. వయసొచ్చాక ఇంగ్లీషుతో కుస్తీ పట్టినవాడు కనకే లాడోకి ఆ సంగతి తెలిసింది: నేర్చుకునేవాడు తన భాష రూపాల్నీ అర్థాల్నీ కొత్త భాషలోకి మోసుకొస్తాడు, రెండూ కలిసిన చోట సులువు, విడిపోయిన చోట కష్టం. కాబట్టి మాస్టారనేవాడు రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్నాడు. ఈ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే మన హైదరాబాదులో ఇంగ్లీషు సంస్థ మొదలైంది.

పక్కన పెట్టి చూడ్డానికి తెలుగు వైపు మనకి దిక్కు లేకపోలేదు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి, ఐసీఎస్ అధికారిగా వచ్చి తెలుగుకి అతుక్కుపోయిన గ్విన్‌తో కలిసి 1985లో ఆధునిక తెలుగుకి ఇంగ్లీషులో వ్యాకరణం రాశారు. తెలుగువాళ్ళకి ఇంగ్లీషు చెప్పే ప్రతివాడి బల్ల మీదా ఉండాల్సిన పుస్తకమని నా గట్టి నమ్మకం. 'ఆయన మాస్టారు' అనే వాక్యంలో క్రియే లేదని మనకి ఎవరైనా చెబితే గానీ తెలియదు. తెలిశాక 'హి టీచర్' అని రాసినవాడి మీద కోపం రాదు. అన్నట్టు, పరాయివాడి తడబాటు మన భాషకి మేలు చేసిన సందర్భమూ ఉంది. నూరేళ్ళ కిందట ఉత్తర కోస్తాలో బళ్ళు తనిఖీ చేసిన యేట్స్ దొర, తాను పుస్తకంలో నేర్చుకున్న తెలుగు ఒకటీ పిల్లలు మాట్లాడేది ఇంకొకటీ ఎందుకయ్యాయని అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష కోసం నడుం కట్టడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

లాడో చెప్పిందంతా వేదవాక్కు కాదు లెండి. 'షి గోస్' అనాల్సిన చోట 'షి గో' అనే తప్పు చూడండి. స్పానిష్ క్రియ మనిషిని బట్టి మారుతుంది, తెలుగు క్రియా మారుతుంది. లాడో లెక్కన ఇద్దరికీ ఇది నల్లేరు మీద నడక కావాలి. ఇద్దరూ ఆ 'స్' మింగేస్తారు! ఏ భాషవాళ్ళయినా మింగేస్తారు. 1967లో పిట్ కార్డర్, 1972లో సెలింకర్ అనే భాషాశాస్త్రవేత్తలు ఈ ముడి విప్పే పనిలో పడ్డారు. నేర్చుకునేవాడి బుర్రలో సొంత భాషా కాని, ఇంగ్లీషూ కాని ఓ మధ్య భాష తయారవుతుందనీ, దానికీ ఓ క్రమం ఉంటుందనీ తేలింది. అమ్మభాషని తప్పులన్నిటికీ ముద్దాయిని చేయనక్కర్లేదని నాకూ అప్పుడు ఊరట కలిగింది.

మాటల పోగు దగ్గరికొస్తే స్పానిష్ వాళ్ళకి పుట్టుకతోనే ఆస్తి ఉంది. 'ఇన్ఫర్మేషన్', 'నేషన్' లాంటి లాటిన్ మాటలు వేలకొద్దీ వాళ్ళ ఇంట్లోవే. అదే ఆస్తి అప్పుడప్పుడూ ముంచుతుంది కూడా. 'లిబ్రెరియా' అంటే వాళ్ళకి పుస్తకాల కొట్టు. మా కోఠీ పాత పుస్తకాల బజారును చూపిస్తే వాళ్ళు లైబ్రరీ అనగలరు. మనకీ 'కవర్' అంటే ప్లాస్టిక్ సంచి, 'కరెంట్' అంటే విద్యుత్తు. ఇంగ్లండులో అలా అడిగితే తెల్లమొహం వేస్తారు.

కానీ ఒక్కచోట మనదే పైచేయి. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్' లాంటి జంట క్రియలు స్పానిష్ వాళ్ళని ఏడిపిస్తాయి. మన పిల్లలూ వాటిని బట్టీ కొట్టేవారు, మర్నాటికి మరిచిపోయేవారు. ఓ రోజు బోర్డు మీద 'తిను', 'తినెయ్' అని రెండూ రాసి తేడా చెప్పమన్నాను. "తినెయ్ అంటే మొత్తం ఖాళీ చెయ్యాలె సార్" అంది వెనక బెంచీ అమ్మాయి. 'ఈట్ అప్' అంటే అంతే. 'తాగెయ్' డ్రింక్ అప్ అయింది, మరి పడిపోవడం, కాలిపోవడం ఏమవుతాయో వాళ్ళే వెతుక్కున్నారు. అన్నీ అతకలేదు, అతకవు కూడా. అయినా ఆ సాయంత్రం ఎవరూ గడియారం చూడలేదు.

ఇంకోసారి దేవరకొండ నుంచి వచ్చిన కుర్రాడొకడు పట్టుకున్నాడు: "'ఇట్ ఈజ్ రెయినింగ్' అన్నరు గదా సార్, ఆ 'ఇట్' ఎవరు? మబ్బా?" మనకి వాన వస్తుంది, అందుకే 'రైన్ ఈజ్ కమింగ్' అంటాం. స్పానిష్‌లో 'కురుస్తోంది' అని ఒక్క క్రియతో ఊరుకుంటారు, అందుకే వాళ్ళు 'ఈజ్ రెయినింగ్' అంటారు. ఇంగ్లీషు మాత్రం కర్త కూర్చునే చోటు ఖాళీగా ఉంచనివ్వదు. ఆ 'ఇట్' మనిషీ కాదు, మబ్బూ కాదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద వేసిన కర్చీఫ్ అని చెప్పాను. కుర్రాడు మళ్ళీ ఆ తప్పు రాయలేదు.

ఇప్పుడు నా క్లాసులో బోర్డు మీద ముందు పడేది తెలుగు వాక్యమే. ఇంగ్లీషు క్లాసులో తెలుగేమిటని కొందరు తల్లిదండ్రులు నొసలు చిట్లిస్తారు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బళ్ళున్న ఊరు కదా మరి, వాళ్ళననీ లాభం లేదు. తెలంగాణ ప్రభుత్వ బళ్ళలో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు పాఠ్యపుస్తకాల్ని రెండు భాషల్లో అచ్చేశారు, ఓ పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. ఇంగ్లీషు చదువుల్లో ఇన్నేళ్ళకి జరిగిన తెలివైన పని అదేనని నేనంటాను. కానీ ఆ తెలుగు పేజీని సాయం కింద చూస్తున్నారు, రాని పిల్లాడికి మాత్రమే అన్నట్టు. అమ్మానాన్నలకీ పంతుళ్ళకీ నాదొకటే మనవి. ఆ పేజీ తిప్పేయకండి. ఒకే వాక్యం రెండు పేజీల్లోనూ ఎలా ఉందో వేలు పెట్టి చూపించి, ఎక్కడ ఏది మారిందో పిల్లల చేతే చెప్పించండి.