గాలి లెక్కలు రాసే కొండ

2023 జూన్‌లో మేమిద్దరం మ్యూనిక్‌లో మా అబ్బాయి దగ్గర నెల్లాళ్ళు ఉన్నాము. కోటలూ సరస్సులూ చూడటం అయ్యాక "ఇంకెక్కడికి వెళదాం నాన్నా?" అని అడిగాడు. గాలిని కొలిచే కొండ ఒకటి ఉందట, అక్కడికి తీసుకెళ్ళమన్నాను. "ఇంత దూరం వచ్చి గాలి చూస్తారటండీ!" అని మా ఆవిడ నవ్వింది.

ఆ కొండ పేరు హోహెన్‌పైసెన్‌బెర్గ్. నాకు నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది. మ్యూనిక్‌కు నైరుతిగా కారులో గంట పైచిలుకు ప్రయాణం. ఎత్తు 988 మీటర్లే, అంటే మన బెంగళూరు కంటే కాస్త ఎక్కువ. కాకపోతే చుట్టూ పచ్చిక బయళ్ళు పల్లంగా ఉండటం వల్ల, పైన నిలబడితే దక్షిణాన ఆల్ప్స్ పర్వతాలు బారులు తీరి కనిపిస్తాయి. జూన్‌లో కూడా శిఖరాల మీద అక్కడక్కడా మంచు మిగిలే ఉంది.

కొండ కొమ్మున 1514లో చిన్న గుడిగా మొదలైన చర్చి ఉంది. నేటికీ యాత్రికులు వస్తారు. దానికి ఆనుకునే వాతావరణ పరిశోధన కేంద్రం. 1781లో దగ్గరి మఠంలోని సన్యాసులు ఇక్కడ ఉష్ణోగ్రత, గాలి పీడనం కొలిచి రాయడం మొదలుపెట్టారు. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి. జీవితమంతా లెడ్జర్లతో గడిపిన నాకు ఆ మాట వినగానే చేతులెత్తి నమస్కరించాలనిపించింది. మా బ్రాంచిలో ఒక్క పూట లెక్క తేలకపోతే ఎంత గొడవ!

1960ల నుంచి ఇక్కడ బెలూన్లకు చిన్న పరికరం కట్టి పైకి వదులుతున్నారు. అది ముప్ఫై కిలోమీటర్ల దాకా ఎగిరి, దారి పొడవునా ఓజోన్ ఎంతుందో రేడియో ద్వారా చెబుతుంది. బెలూను పగిలాక పరికరం పారాచూట్‌తో కిందికి దిగుతుంది. మేము వెళ్ళింది ఆదివారం, బెలూను చూసే అదృష్టం లేకపోయింది. బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటూ మాట్లాడుకున్నాము.

2021లో వెలువడిన ఒక పరిశోధన పత్రాన్ని మావాడు ఫోనులో తీశాడు. ఆ పనికి ముందు నిలిచింది ఈ కొండమీది వారే. ఉత్తరార్ధగోళంలోని చాలా కేంద్రాల లెక్కలు కలిపి చూస్తే, 2020 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు, నేలకు ఒకటి నుంచి ఎనిమిది కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ మామూలు కంటే సుమారు 7 శాతం తగ్గింది. కరోనా వల్ల కార్లు, కార్ఖానాలు, విమానాలు ఆగిపోవడమే ముఖ్య కారణమని తేల్చారు.

"మరి ఊళ్ళలోనూ తగ్గే ఉంటుందిగా?" అన్నాను. మావాడు తల అడ్డంగా ఊపాడు. వూహాన్‌లో లాక్‌డౌన్ రోజుల్లో ఓజోన్ అంతకు ముందు మూడేళ్ళ కంటే 36 శాతం, రోమ్‌లో 14 శాతం పెరిగిందట! బండ్లు లేకపోతే పెరగడమేమిటి?

అరగంట చెప్పించుకున్నాక నాకు బోధపడింది ఇది. ఓజోన్ నేరుగా ఏ గొట్టంలోంచీ రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడులు, పెట్రోలు వంటివాటి ఆవిర్లు ఎండలో కలిసి తయారవుతుంది. అయితే అప్పుడే గొట్టంలోంచి వచ్చిన తాజా పొగలోని నైట్రిక్ ఆక్సైడు, దగ్గరున్న ఓజోన్‌ను తినేస్తుంది. అంటే నగరం నడిబొడ్డున పొగ జమా వేస్తుంది, ఖర్చూ రాస్తుంది. లాక్‌డౌన్‌లో ఖర్చు పద్దు ఆగింది, నిల్వ పెరిగింది. పై గాలిలోనైతే తాజా పొగ లేదు, ముడిసరుకు రాక తగ్గింది, కాబట్టి నిల్వా తగ్గింది. ఇరవై కిలోమీటర్ల పైనుండే ఓజోన్ మనకు గొడుగు పడుతుంది గానీ, ముక్కు దగ్గరికొస్తే అదే ఊపిరితిత్తులను మండిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు మరీను.

ఆ మాటకు మా ఆవిడ తినడం ఆపి నా వైపు చూసింది.

2020 ఏప్రిల్‌లో మా మిద్దె మీద వడియాలు పెట్టి, కాకులు రాకుండా మధ్యాహ్నమంతా కాపలా కూర్చునేది. సాయంత్రానికి ఆయాసం. బ్యాంకులు మూయలేదు కనుక నేను రోజూ ఖాళీ రోడ్ల మీద వెళ్ళి వచ్చేవాణ్ణి. "పుట్టి బుద్ధెరిగాక ఇంత శుభ్రమైన గాలి చూడలేదు. నీకున్నది ఉబ్బసం కాదు, భయం" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఓజోన్ హెచ్చుగా ఉండేది మధ్యాహ్నం ఎండ వేళల్లోనేనని ఇప్పుడు మావాడు చెబుతున్నాడు. ఆవిడ ఆయాసానికి అదే కారణమని నేననను. వేసవి దుమ్ము, ఇంటి బెంగ కూడా ఉన్నాయి. కానీ గాలి కంటికి తేటగా ఉంటే మంచిదే అనుకుని, ఊపిరాడనివాళ్ళ మాట నేను కొట్టిపారేశాను.

"అయితే అప్పుడు నాది భయం కాదన్నమాట" అంది మా ఆవిడ.

"కాదు" అన్నాను. మావాడు ఫోను జేబులో పెట్టుకుని పర్వతాల వైపు తిరిగాడు. కాసేపటికి ఆవిడే ఇంకొంచెం పులిహోర నా ప్లేటులో వేసింది.