లేబుల్ ఊడిపోయిన రికార్డు

మా ఆఫీసులో ఎవరికీ తెలియని ఒక జర్మన్ బ్యాండు గురించీ, మా రేపల్లెలో ఓ వయసు దాటినవాళ్ళందరికీ తెలిసిన పద్యనాటకాల గురించీ ఒకే టపాలో రాయడం కొంచెం అతిగానే ఉంటుందని తెలుసు. కానీ ఏం చేయను, ఆ రెండూ నాకు ఒకే వారంలో తగులుకున్నాయి.

ముందు బ్యాండు సంగతి. పేరు క్యాన్. 1968లో కొలోన్ దగ్గర మొదలైంది. అందులో ఇర్మిన్ ష్మిట్, హోల్గర్ చుకై ఇద్దరూ శాస్త్రీయ సంగీతం చదువుకుని వచ్చినవాళ్ళు. మొదట ఒక పాత కోటలో, 1971 నుంచి వైలర్స్‌విస్ట్ అనే చిన్న ఊళ్ళో మూతపడ్డ సినిమాహాల్లో వాయించేవారు. గోడలకి మిలిటరీ పరుపులు కొట్టి దాన్నే స్టూడియో చేసుకున్నారు. (రేపల్లె, తెనాలి హాళ్ళు మూతపడితే ఏమవుతాయో మనకి తెలుసు కదా.) గంటల తరబడి వాయించడం, టేపు తిరుగుతూ ఉండటం, తర్వాత చుకై కత్తెర పట్టుకుని కూర్చోవడం, ఇదీ వాళ్ళ పద్ధతి. 1968 నాటి పాటలు కొన్ని 1981లో గానీ బయటికి రాలేదు. ఆ తర్వాత స్టూడియోని మొత్తంగా, పరుపులతో సహా, ఒక మ్యూజియం కొనుక్కుంది. విప్పుతుంటే ముప్పై గంటలకు పైగా టేపులు బయటపడ్డాయి. పైన రాసినవి సరిగా చదవడానికే రావట. ఇర్మిన్ ష్మిట్, జోనో పోడ్‌మోర్ కూర్చుని విని, ఏరి, 2012లో మూడు సీడీలుగా తెచ్చారు. ది లాస్ట్ టేప్స్ అని.

నేను అవి వింటున్న వారంలోనే మా పెదనాన్న రేపల్లె నుంచి ఫోన్ చేశాడు. "ఒరేయ్, తాతయ్య ప్లేట్లు అటక మీద ఉన్నాయి, ఇల్లు పడగొట్టిస్తున్నాం, నీకు కావాలా, పాతసామాన్లవాడికి వేసెయ్యనా" అని.

ప్లేట్లంటే గ్రామఫోను రికార్డులు. మా తాతయ్య ఊరు పెనుమూడి రేవు వైపు. ఇప్పుడైతే వంతెన దాటి పులిగడ్డ వెళ్ళిపోతున్నాం గానీ అప్పట్లో అవతలికి పడవే. 1977 నవంబర్ 19న తుఫాను దివిసీమని ఊడ్చేసినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. రికార్డుల పెట్టె రెండు రోజులు నీళ్ళలో నానిందట. మొత్తం ఆరు మిగిలాయి. అందులో నాలుగింటికి లేబుళ్ళు లేవు. 78 రికార్డు లక్కా రాతిపొడీ కలిపి చేసింది, జారిపడితే గాజులా పగులుతుంది తప్ప నీళ్ళకి అంత తొందరగా పోదు. పోయేది మధ్యలో అంటించిన కాయితం. అంటే పాట ఉంది, ఎవరు పాడారో లేదు. డేటా ఉండి కాలమ్ పేర్లు పోయిన టేబుల్ లాగా.

ఆ నాలుగింటిలో ఒకదాని మీద మా ఇంట్లో పెద్ద గొడవ. హార్మోనియం మీద ఒక నాటకం పాట. గొంతు ఆడదా మగదా? పెద్దమ్మ ఆడగొంతు అంటుంది. పెదనాన్న మాత్రం "అది స్థానం నరసింహారావు, ఇంకెవరూ కాదు" అని ఒకటే పట్టు.

ఈ పేరు తెలియనివాళ్ళ కోసం: ఆయనది బాపట్ల. 1902లో పుట్టారు. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలకి పేరు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, అన్నీ ఆయనే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో పోయారు. శ్రీకృష్ణ తులాభారంలో "మీరజాలగలడా" పాట మనందరికీ 1966 సినిమాలో జమున, సుశీలగార్ల వల్ల తెలుసు. ఆ పాట స్టేజీ మీద సత్యభామగా తన కోసం తనే రాసుకున్నది స్థానం. సుశీలగారి పాట మొబైల్లో పెట్టుకుని తిరిగే మనలో ఎంతమందికి ఒక మగమనిషి గొంతులో దాన్ని వినాలనిపించింది? నాకైతే ఈ గొడవ వచ్చేదాకా అనిపించలేదు.

సరే, 78 స్పీడు ఉన్న టర్న్‌టేబుల్ కొన్నాను. సూది కూడా వేరేది కావాలి. ఎల్పీ సూది మొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి 75 దాకా కావాలి. సన్న సూది పెడితే గాడి అడుగున ఉన్న దుమ్ములో ఈదుకుంటూ పోతుంది. ఆడాసిటీలోకి ఎక్కించి వింటే పాట హార్మోనియం రెండు మెట్ల మధ్య ఎక్కడో పలుకుతోంది. ఆ రోజుల్లో 78 అని రాసినంత మాత్రాన అది కచ్చితంగా 78 కాదు, కంపెనీని బట్టీ రికార్డు చేసిన రోజుని బట్టీ అటూ ఇటూ ఉండేది. లెక్క వేస్తే 75.8 దగ్గర పాట కింది మెట్టు మీద కూర్చుంటుంది, 80.3 దగ్గర పై మెట్టు మీద. ఆ హార్మోనియం మన శ్రుతికే ఉందనుకుంటేనే ఇదంతా. మొదటిదానిలో గొంతు పెదనాన్న పక్షం, రెండోదానిలో పెద్దమ్మ పక్షం! రెండు ఫైళ్ళూ ఉంచాను.

ఈ లోపు పెదనాన్న ఉత్సాహం ఆపుకోలేక, తెలిసినవాళ్ళ ద్వారా ఒక స్టూడియోకి నా ఫైలు పంపి "క్లీన్" చేయించాడు. వచ్చింది. గరగర పోయింది. దాంతోపాటు స, శ, చ కూడా పోయాయి. నాయిస్ రిడక్షన్‌కి గరగరకీ 'స'కీ తేడా తెలీదు, రెండూ పై ఫ్రీక్వెన్సీలే. పాడే మనిషి ఊపిరి పీల్చుకునే చప్పుడు పోయింది. నాటకం పాటలో ఊపిరి ఎక్కడ తీసుకున్నారన్నదే సగం సంతకం. అన్నిటికన్నా ఘోరం, మొదలూ చివరా "పాట లేదు కదా" అని కోసేశారు.

ఆ చివరే నాకు కావాల్సింది. పాట అయిపోయాక, గాడి ముగిసేలోపు, ఎవరో మగమనిషి మెల్లగా ఏదో అంటాడు. రెండు మూడు అక్షరాలు. పాడినవాళ్ళ పేరేమో అని నా ఆశ. ఆశకి కారణం ఉంది. మన దేశంలో తొలి రోజుల్లో పాడినవాళ్ళు పాట చివర పేరు చెప్పేవాళ్ళు. గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు చెప్పడం చాలామంది వినే ఉంటారు. అది గొప్పకి కాదు. 1908లో కలకత్తాలో సీల్దా దగ్గర ఫ్యాక్టరీ వచ్చేదాకా రికార్డులు జర్మనీలో హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడి వాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియాలి, సరైన లేబుల్ అంటించాలి, అందుకు. మెటాడేటాని ఆడియోలోనే పెట్టి పంపించారన్నమాట. మా రికార్డు అంత పాతది కాకపోవచ్చు, నాటకం పాటల జోరు చూస్తే తర్వాతదే అనిపిస్తుంది. అయినా ఆ మూడు అక్షరాల్ని ఎవరో మౌస్‌తో సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టారంటే కడుపు మండదా మరి?

లేబుల్ పోయినా దాని చుట్టూ నున్నటి జాగాలో లక్కలోనే అచ్చుపడిన అంకెలున్నాయి. టార్చి పక్కనుంచి వేస్తే కనిపిస్తాయి. కంపెనీల పాత జాబితాలు దొరికితే ఆ నంబరు పట్టుకుని ఎవరు, ఎప్పుడు అన్నది తేల్చవచ్చు. ఇలాంటి పని జరగలేదని కాదు. బెర్లిన్ కంపెనీ ఓడియన్ 1930లలో మద్రాసు కేంద్రంగా దక్షిణాది పాటలు, నాటకాలు చాలా అచ్చు వేసింది. దాని ఏజెన్సీ సరస్వతీ స్టోర్స్‌ది, అందులో భాగస్వామి తర్వాత ఏవీఎం పెట్టిన మెయ్యప్పన్. ఆ ఓడియన్ రికార్డుల్ని బ్రిటిష్ లైబ్రరీ నిధులతో ముంబైకి చెందిన సురేశ్ చాంద్వాణ్కర్ సేకరించి డిజిటైజ్ చేయించారు. మన నాటకం పాటలకి లండన్ డబ్బు, ముంబై శ్రమ! యూట్యూబులో మనవాళ్ళు ఎక్కించినవాటిలో మాత్రం లేబుల్ ఫొటోకి బదులు దేవుడి బొమ్మ ఉంటుంది, నంబర్ ఊసే ఉండదు.

క్యాన్ టేపులకి ఒక అదృష్టం ఉంది. పైన ఏం రాసుందో చదవలేకపోయినా, వాయించిన మనిషే కూర్చుని "ఇది మాదే" అని చెప్పగలిగాడు. మనకి ఆ మనిషి లేడు. మిగిలింది విన్నవాళ్ళు, వాళ్ళకీ ఎనభై ఐదు దాటాయి.

అలాంటి ఒకాయన తెనాలిలో ఉన్నారు, రిటైర్డ్ మాస్టారు, పెదనాన్న స్నేహితుడికి బాబాయి వరస. స్కూలు రోజుల్లో తెల్లవార్లూ నాటకాలు చూసినవారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు రెండు ఫైళ్ళూ వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. 80.3ది మధ్యలోనే చెయ్యి ఊపి ఆపించేశారు. 75.8ది రెండుసార్లు పెట్టించుకున్నారు. "మగవాడే. కానీ స్థానం కాదు బాబూ. ఆయనైతే ఇక్కడ ఇంత సాగదీయడు, మాట విరిచి చూస్తాడు, జనం అందుకే పడిపోయేవాళ్ళు" అన్నారు. మరి ఎవరండీ అంటే చాలాసేపు ఆలోచించి, పేరు నోటి దాకా వచ్చి ఆగిపోతోందన్నారు. చివరి మూడక్షరాలు ఆయన చెవికి అందలేదు, నా ఫోన్ స్పీకర్ అంతంతమాత్రం.

బాపట్లలో తనకన్నా నాలుగేళ్ళు పెద్దాయన ఒకరున్నారనీ, హార్మోనియం వాయించేవారనీ, ఇంకా బాగానే వినిపిస్తుందనీ చెప్పి ఇంటి గుర్తులు చెప్పారు. పెదనాన్నకి ఈ తీర్పు నచ్చలేదు, తనూ వస్తానంటున్నాడు. వచ్చే నెల రెండో శనివారం వెళ్తున్నాం. ఈసారి మంచి స్పీకరూ, కత్తిరించని ఫైలూ, వీలైతే రికార్డూ పట్టుకెళ్ళాలి.