వాడని ద్వారము

హైదరాబాదు పాతబస్తీ చుట్టును ఒకప్పుడు రాతి ప్రాకారముండెను. దానికి పెక్కు దర్వాజాలును, ఖిడ్కీలను చిన్న ద్వారములును ఉండెడివి. కాలము మారెను. శత్రుభయము తొలగెను, బండ్ల రాకపోకలు హెచ్చెను. 1908లో మూసీనదికి వచ్చిన పెనువరద గోడను కొంత దెబ్బతీసెను. మిగిలినదానిలో చాల భాగమును మనుష్యులే కూల్చిరి. పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా నేటికిని నిలిచియున్నవి. అలియాబాదు, యాకుత్‌పురా దర్వాజాలు పోయినవి. పేర్లు మాత్రము పేటలకు మిగిలినవి.

వాడుకలేని ద్వారమును కూల్చుట మేలా, ఉంచుట మేలా? ఈ ప్రశ్న కంప్యూటరు లోపల కూడ పుట్టుచున్నది.

కంప్యూటరునకు కెర్నెల్ అనునది కోటవంటిది. ఏ ప్రోగ్రామైనను యంత్రములోని వస్తువును తాకవలెనన్నచో దాని అనుమతి పొందవలసినదే. అట్టి కెర్నెలులలో ప్రసిద్ధమైన లినక్సును 1991లో హెల్సింకీలో చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. నేడది మూడు కోట్ల పంక్తులకు పైబడినది. లాడ్‌బజారులో గాజులమ్మువాని చేతనున్న ఆండ్రాయిడు ఫోనులోను అదియే పనిచేయుచున్నది.

క్రొత్త యంత్రము వచ్చినప్పుడెల్ల కెర్నెలునకు క్రొత్త పంక్తులు చేరును. యంత్రము మూలబడినను ఆ పంక్తులు పోవు. ‘ఉన్న నష్టమేమి?’ అని కొందరడుగవచ్చును. నష్టము కలదు. కావలివాడు మరచిన ఖిడ్కీ దొంగకు త్రోవ యగును. డి.సి.సి.పి. అను సందేశవాహక పద్ధతి 2005లో లినక్సున చేరెను. దానిని వాడినవారు మిక్కిలి తక్కువ. అందులోని యొక లోపము పదేండ్లకు పైగా ఎవరి కంటను పడలేదు. 2017లో బయటపడినప్పుడు, ఆ లోపముచే సామాన్యుడు యంత్రమంతటికిని అధికారి కాగలడని తేలెను.

అట్లని వెంటనే దానిని పెరికివేయలేదు. మొదట లోపమును సరిదిద్దిరి. 2023లో, ‘ఇది 2025లో తొలగింపబడును’ అని ముందుగా తెలియజేసిరి. వాడువారెవరైన నున్నచో చెప్పుకొనుటకు వ్యవధి యిచ్చిరి. చెప్పిన యేడాదినే తొలగించిరి.

ఈ పనిలో మమకారమునకును చోటు తక్కువ. లినక్సు పుట్టినది 386 అను ప్రాసెసరుగల యంత్రముపైననే. 2012లో ఆ 386నకు సంబంధించిన భాగమును తొలగింపవలెనని కోరగా టోర్వాల్డ్స్ సమ్మతించెను.

కాని తొలగించువాడు పొరపడవచ్చును గదా! హెచ్8/300 అను ప్రాసెసరునకు చెందిన భాగమును 2013లో తీసివేసిరి. దానియందు శ్రద్ధగలవారు సరిదిద్ది తెచ్చిరి; 2015లో అది మరల చేరెను. పోషించువారు కొరవడగా 2022లో తిరిగి తొలగెను. ఇట్లు పోయినది తిరిగి వచ్చుటకు కారణమేమి? కెర్నెలులో జరిగిన ప్రతి మార్పునకును లెక్క యుండును. తీసివేసిన పంక్తి ఆ చరిత్రలో భద్రముగ నుండును.

రాతి కట్టడమునకు ఆ సౌకర్యము లేదు. కూలిన యాకుత్‌పురా దర్వాజాను ఏ గ్రంథమునుండియు తిరిగి తేలేము. కావున దేనినైనను తొలగింపబూనువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: దీనిని వాడువారెవరైన మిగిలియున్నారా? రేపు కావలసివచ్చిన, తిరిగి తేగలమా? రెండవదానికి ‘తేలేము’ అన్నదే జవాబైనచో, మొదటి ప్రశ్నను ఒకసారి గాక పదిసార్లు అడుగుట మంచిది.